అతిథి సొమ్ము, ఇంటి లెక్క

మియాపూర్ మెట్రో స్టేషనులో రైలు కోసం నిలబడ్డవారిని ఎవరినైనా పలకరించి, "అయ్యా, ఈ రైలు ఎవరిది?" అని అడిగి చూడండి. కొందరు గవర్నమెంటుదంటారు. కొందరు కంపెనీదంటారు. ఇద్దరూ సగం నిజమే చెప్పినవారవుతారు. ఈ రైలుపెట్టెలు దక్షిణ కొరియాలో హ్యుండై రోటెమ్ వారి కర్మాగారంలో తయారై ఓడ మీద వచ్చినవి. సిగ్నళ్ల ఏర్పాటు థేల్స్ అనే విదేశీ సంస్థది. రైళ్లు నడిపే పనిని కీయోలిస్ అనే ఫ్రెంచి కంపెనీకి అప్పగించారు. స్తంభాలు నిలిపి పట్టాలు పరిచింది మన దేశపు లార్సెన్ అండ్ టూబ్రో. అప్పు పెట్టినవి బ్యాంకులు. ఇక నేల మనది, టిక్కెట్టు డబ్బూ మనది. 2017 నవంబరు 28న ప్రధానమంత్రి ఇక్కడికే వచ్చి ఈ మార్గాన్ని ప్రారంభించిననాడు ఊరంతా పండుగ చేసుకున్నది. ఇంతమంది సొమ్మూ, ఇన్ని దేశాల పనితనమూ ఒక్కచోట కలిపి నిలబెట్టినది ఏమిటి? సిమెంటు అనుకుంటాం. నిజానికి అది ఒక కాగితం. దాని పేరు ఒప్పందం.

తెలుగు పాఠాలు చెప్పుకునేవానికి పెట్టుబడుల గొడవ ఎందుకని పాఠకులు అనవచ్చు. నా సమాధానం చిత్తగించండి. ఒప్పందం కూడా ఒక గ్రంథమే. దానికి అన్వయం ఉన్నది, తాత్పర్యం ఉన్నది, చదివేవాడు ఏమరుపాటున ఉంటే అపార్థమూ ఉన్నది. పద్యానికి అర్థం తప్పు రాస్తే పరీక్షలో రెండు మార్కులు పోతాయి. ఒప్పందానికి అర్థం తప్పు తీస్తే రాష్ట్రానికి రెండు తరాల సొమ్ము పోతుంది. కనుక చదవడం వృత్తిగా పెట్టుకున్న ప్రతివాడికీ ఈ సంగతితో పని ఉన్నది.

మా తరగతిలో కుర్రవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. "మాస్టారూ, విదేశీ పెట్టుబడి మంచిదా, చెడ్డదా?" అని. ఇది వాన మంచిదా చెడ్డదా అని అడగడం వంటిది. చెరువుకు కట్ట ఉన్న ఊళ్లో వాన పంటవుతుంది. కట్ట తెగిన ఊళ్లో అదే వాన వరదవుతుంది. వాన గుణం మారలేదు, ఊరి సంరక్షణ మారింది. విదేశీ సొమ్ము సంగతీ అంతే. అది లక్ష్మీదేవీ కాదు, భూతమూ కాదు. లాభం వెతుక్కుంటూ వచ్చిన సొమ్ము. దానిని మన పొలానికి మళ్లించుకునే కట్టా, తూమూ మన దగ్గర ఉన్నాయా లేవా అన్నదే అసలు విచారం.

బలి చక్రవర్తి కథ మనకు తెలియనిది కాదు. పొట్టి బ్రహ్మచారి వచ్చి మూడడుగుల నేల అడిగాడు. ఇంతేనా అని బలి నవ్వాడు. అప్పుడు సభలో లేచి, "రాజా, అడుగు అనే మాటకు అర్థం ఏమిటో, ఎవరి అడుగో విచారించు" అన్న ధోరణిలో హెచ్చరించినవాడు ఒక్క శుక్రాచార్యుడు. మన వాఙ్మయంలో మొట్టమొదటి ఆడిటరు ఆయనే అనిపిస్తుంది నాకు. కమండలపు రంధ్రానికి అడ్డుపడినందుకు ఆయనకు దక్కినది ఏమిటి? కన్ను పోయింది. తరవాతి ఆడిటర్లకూ తరచుగా దక్కుతున్నది అదే. అయితే కథకూ మనకూ ఒక భేదం ఉన్నది. బలి తనది తాను ఇచ్చాడు, గనుక దాత అనిపించుకున్నాడు. ప్రభుత్వం ఇచ్చేది ప్రజలది. కనుక మాట ఇచ్చేముందు శుక్రాచార్యుణ్ణి కూర్చోపెట్టి కాగితం చదివించడం లోభం కాదు, ధర్మం.

ఈ సంగతి మన హైదరాబాదుకు కొత్తది కాదు. నూట నలభై యేళ్ల నాటి ముచ్చట చెబుతాను. నిజాము ప్రభుత్వం లండను ధనికుల సొమ్ముతో సికింద్రాబాదు నుంచి వరంగల్లు మీదుగా చాందా వైపు రైలుమార్గం వేయించ తలపెట్టింది. లండనులో సొమ్ము పెట్టినవారికి వడ్డీ తప్పకుండా ముట్టేటట్టు నిజాము ఖజానా హామీ ఉండాలి. రైలుకు లాభం వచ్చినా రాకపోయినా హామీ మాత్రం రైతు కట్టిన శిస్తులోంచే చెల్లాలి. 1883లో నగరంలో కొందరు పెద్దలు, ఈ ఒప్పందంలో ఏముందో ప్రజలకు చెప్పండి, ఆ కాగితాలు బయటపెట్టండి అని అడిగారు. వారిలో ముఖ్యులు, హైదరాబాదు కాలేజీ స్థాపకుడు అఘోరనాథ చట్టోపాధ్యాయ గారు. సరోజినీ నాయుడు గారి తండ్రి అంటే అందరికీ తెలుస్తుంది. ఆయన బాంబు వేయలేదు, పట్టాలు పీకలేదు. షరతులు చూపించమన్నాడు. ఆ నేరానికి ఆయనను రాజ్యం నుంచి బహిష్కరించారు. తెలంగాణంలో ప్రజలు కలిసికట్టుగా నోరు విప్పిన తొలి ఉదంతాలలో ఒకటిగా చరిత్రకారులు చాందా రైల్వే ఆందోళనను చెబుతారు. ఆ తొలి కోరిక "కాగితం చూపించండి" అన్నది కావడం గమనించదగినది.

చూపించకపోతే ఏమవుతుందో మూడేళ్లు తిరక్కుండానే తెలిసింది. 1886లో రాజ్యంలోని గనుల హక్కును దీర్ఘకాలానికి లండనులో పెట్టిన ఒక కంపెనీకి కట్టబెట్టారు. దాని పేరు హైదరాబాద్ దక్కన్ కంపెనీ. కంపెనీ షేర్లలో అత్యధిక భాగాన్ని, హక్కు సంపాదించినవారే సొమ్ము చెల్లించకుండా, చెల్లించినట్టు లెక్క రాసి తమ దగ్గర ఉంచుకున్నారు. తరవాత లండను బజారులో షేరు ధర పెంచి, ఆ షేర్లలో కొన్నిటిని నిజాము ప్రభుత్వం చేతనే కొనిపించారు. అంటే ఇంటివాడి చెట్టు కాయలు కోసి, ఇంటివాడికే అమ్మినట్టు! అందులో నిజాము తరఫున లండనులో బేరం నడిపిన అధికారికీ చెయ్యి ఉందన్న గోల లేచింది. చివరకు 1888లో బ్రిటిషు పార్లమెంటు కామన్స్ సభ విచారణ సంఘాన్నే వేయవలసి వచ్చింది.

ఇంతవరకే చెబితే కథ సగం చెప్పినట్టు. ఆ కంపెనీ తవ్విన గని ఏదో తెలుసా? ఇల్లందు దగ్గరి సింగరేణి బొగ్గు. లండను సొమ్మూ, అక్కడి యంత్రాలూ లేకపోతే ఆ రోజులలో ఆ బొగ్గు పైకి వచ్చేది కాదన్నదీ నిజమే. 1920లో దాని పేరు సింగరేణి కాలరీస్ అయింది. 1945లో హైదరాబాదు రాజ్యం అధిక భాగం షేర్లు కొని కంపెనీని తన చేతికి తెచ్చుకున్నది. నేడు అందులో 51 శాతం తెలంగాణ రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. కుంభకోణంతో పుట్టిన సంస్థే తరవాత వేల కుటుంబాలకు అన్నం పెట్టింది. కనుక విదేశీ సొమ్ము చేత గని పాడయిందనడానికి వీల్లేదు. పాడయినది బేరం. బేరం పాడయినది చీకట్లో జరిగింది గనుక.

స్వతంత్రం వచ్చిన తరువాత మనం చాలాకాలం తలుపు దగ్గరగా వేసుకుని కూర్చున్నాం. ఆ తలుపు బార్లా తీసినవాడు తెలుగువాడే కావడం మనకు గర్వం. 1991 జూలై 24న కొత్త పారిశ్రామిక విధానం పార్లమెంటు ముందుకు వచ్చిననాడు పరిశ్రమల శాఖ ప్రధానమంత్రి పి. వి. నరసింహారావు గారి చేతిలోనే ఉన్నది. ముఖ్యమైన 34 పరిశ్రమలలో 51 శాతం వరకు విదేశీ వాటాకు సులువుగా అనుమతి దొరికింది. ఏడేళ్లకు, 1998 నవంబరులో, మాదాపూర్ బండరాళ్ల మధ్య సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజపేయి గారు ప్రారంభించారు. అదే సంవత్సరం మైక్రోసాఫ్టు వారు తమ అభివృద్ధి కేంద్రాన్ని హైదరాబాదులో పెట్టారు. మియాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా ఇవాళ కనిపించే అద్దాల మేడల సందడికి బీజం అక్కడ పడింది. ఈ ప్రాంతంలో ఎన్ని ఇళ్లలో పొయ్యి విదేశీ కంపెనీ జీతంతో వెలుగుతున్నదో లెక్కపెట్టనక్కరలేదు, నెల మొదటి తారీఖున కిరాణా దుకాణం వాడిని అడిగితే చాలు.

ఇక్కడ చిన్న వివరం చెప్పి ముందుకు పోవాలి. బయటి సొమ్ము రెండు రకాలు. ఒకటి స్థలం తీసుకుని, షెడ్డు వేసి, యంత్రం బిగించి, మనుషులను పెట్టుకునే సొమ్ము. ఇది ఊళ్లో ఇల్లు కట్టుకున్న చుట్టం వంటిది. రెండవది షేరు మార్కెట్టులోనో, స్వల్పకాలపు అప్పుగానో వచ్చే సొమ్ము. ఇది సంతకు వచ్చిన బేరగాడు. మబ్బు పడితే మూట కట్టుకుని పోతాడు. 1997 జూలైలో థాయిలాండులో జరిగింది అదే. స్వల్పకాలపు విదేశీ అప్పులు గుట్టలుగా పేరుకున్న ఆ దేశం నుంచి సొమ్ము ఒక్కుమ్మడిగా వెనక్కు మళ్లేసరికి, నిలకడగా ఉన్న వారి నాణెం బాట్ కుప్పకూలింది. ఆ సెగ ఇండొనేషియా, కొరియా దాకా పాకింది. కనుక ఎంత సొమ్ము వచ్చిందన్న ప్రశ్నతోపాటు ఏ రకం సొమ్ము వచ్చిందన్నదీ అడగాలి. మన కథకు ముఖ్యం ఆ ఇల్లు కట్టుకునే చుట్టమే.

ఆ చుట్టం వస్తున్నాడంటే రాష్ట్రాలన్నీ ఒకేసారి పెళ్లివారయిపోతాయి. ఒకరు ఎకరం చౌకగా ఇస్తామంటారు, ఇంకొకరు పన్ను మాఫీ అంటారు, మరొకరు కరెంటు రాయితీ అంటారు. పెళ్లికొడుకు నవ్వుతూ కూర్చుంటాడు, కట్నం పెరుగుతూ ఉంటుంది. ఈ వేలంలో ఎవరు గెలిచినా మామగారు అప్పులపాలు కావడమే. పెద్ద కంపెనీలు స్థలం చూసుకునేటప్పుడు చదువుకున్న మనుషులనూ, నీటినీ, రోడ్డునూ, నిలకడైన చట్టాన్నీ కూడా తూచి చూస్తాయి. మైక్రోసాఫ్టు వచ్చిననాటికి హైదరాబాదులో ఇంజనీర్లున్నారు, ప్రభుత్వరంగ పరిశోధనశాలలున్నాయి. అవి ఏ రాయితీ కాగితం వల్లనూ రాత్రికి రాత్రి పుట్టినవి కావు.

ఇప్పుడు మన పొరుగునే ఉన్న మణికొండ, నానక్‌రామ్‌గూడ వైపు చూద్దాం. 2002లో దుబాయికి చెందిన ఎమ్మార్ ప్రాపర్టీస్‌ను అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎంచుకున్నది. గోల్ఫు మైదానం, విల్లాల కాలనీ, సమావేశ మందిరం, హోటలు, అన్నిటికీ కలిపి 535 ఎకరాలు. ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీకి గోల్ఫు, కాలనీలలో 26 శాతం, సమావేశ మందిరంలో 49 శాతం వాటా. కాగితం మీద ఇది పేరుపెట్టలేని బేరం. నేల ఇచ్చినవాడికి వాటా ఉన్నది కదా! సమావేశ మందిరం లేచింది, అంతర్జాతీయ సభలు జరిగాయి, నగరానికి పేరూ వచ్చింది. చిక్కు తరవాత పుట్టింది. కాలనీ అభివృద్ధి హక్కులు మధ్యలో మరొక కంపెనీకి చేరాయి. ఆ మలుపులో ప్రభుత్వ వాటా విలువ కరిగిపోయిందనీ, స్థలాల అమ్మకంలో రాసిన ధర ఒకటి, వసూలు చేసిన ధర ఒకటి అనీ ఆరోపణలు వచ్చాయి. 2011లో హైకోర్టు ఆదేశం మీద సీబీఐ దర్యాప్తుకు దిగింది. ఎవరి నేరమెంతో తేల్చవలసినది న్యాయస్థానాలు, మనం కాదు. మనకు పనికివచ్చే పాఠం మాత్రం స్పష్టం. సంతకం నాడు 26 శాతం అని రాసుకున్న కాగితం, సంతకం తరవాత రోజూ కాపలా కాయకపోతే, కర్పూరంలా హరించుకుపోతుంది. పెళ్లినాడు పదిమంది పెద్దలుంటారు. కాపురం నాడు అడిగే పెద్ద ఒక్కడైనా ఉండాలి.

ఇక మన మెట్రో రైలు. మియాపూర్‌లో ఇవాళ తిరిగే రైలు రెండవ ఒప్పందపు బిడ్డ. మొదటిది పురిట్లోనే పోయింది. 2008లో టెండరు వేసినప్పుడు మేటాస్ సంస్థ నాయకత్వాన ఒక బృందం గెలిచింది. అందులో థాయిలాండుకు చెందిన ఇటాల్-థాయ్ కంపెనీ కూడా భాగస్వామి. సాధారణంగా మెట్రో కట్టేవారు ప్రభుత్వాన్ని సాయం అడుగుతారు. వీరు సాయం అక్కరలేదు సరికదా, ఒప్పందకాలంలో తామే ప్రభుత్వానికి 30,311 కోట్ల రూపాయలు ఇస్తామన్నారు! ఊరంతా ముక్కున వేలేసుకున్నది. ఢిల్లీ మెట్రో కట్టిన ఇ. శ్రీధరన్ గారు మాత్రం ప్రణాళికా సంఘానికి ఉత్తరం రాశారు. ఇందులో రైలు కన్నా భూమి మీద చూపు ఎక్కువగా కనిపిస్తున్నదనీ, ముందు ముందు ఇది కుంభకోణం కాగలదనీ ఆయన భయం. శుక్రాచార్యుడికి ఏమి జరిగిందో ఆయనకూ అదే జరగబోయింది. పరువునష్టం దావా వేస్తామని ప్రభుత్వం నుంచి బెదిరింపు వచ్చింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కల బూటకం బయటపడింది. ఆ కుటుంబానికే చెందిన మేటాస్ మెట్రోకు డబ్బు కూర్చలేకపోయింది. 2009 జూలైలో ఒప్పందం రద్దయింది.

మళ్లీ టెండరు పిలిస్తే 2010లో లార్సెన్ అండ్ టూబ్రో గెలిచింది. ఈసారి కంపెనీ ప్రభుత్వాన్నే 1,458 కోట్ల సాయం అడిగింది. మొదటి బేరం కళ్లకు ఎంత అందంగా ఉందో, రెండవది అంత చప్పగా ఉన్నది. కాని రైలు కట్టినది రెండవదే. ఎక్కువ ఇస్తానన్నవాడే మంచివాడని అనుకునే అమాయకత్వానికి ఇంతకన్నా ఉదాహరణ వెతకనక్కరలేదు. అయినా రెండవ ఒప్పందంలోనూ కష్టాలు తప్పలేదు. టిక్కెట్టు రాబడి చాలదు గనుక 269 ఎకరాల మీద దుకాణాలు, ఆఫీసులు కట్టి అద్దెలతో లోటు పూడ్చుకోవాలన్నది లెక్క. ఆ అద్దెలు అనుకున్నట్టు రాలేదు. 2020లో కరోనా వచ్చి రైళ్లే ఆగిపోయాయి. వడ్డీ మాత్రం ఆగలేదు. చివరకు 2025 సెప్టెంబరులో, ఈ తొలిదశ మెట్రోను రాష్ట్ర ప్రభుత్వమే తీసుకునేటట్టూ, సుమారు 13,000 కోట్ల అప్పును నెత్తికెత్తుకుని, వాటాకుగాను మరో 2,000 కోట్ల దాకా ఇచ్చేటట్టూ ఒక అంగీకారానికి వచ్చారు. ఇది స్వదేశీ కంపెనీ సంగతే. కాని పాఠానికి స్వదేశమూ విదేశమూ లేదు. లాభం వస్తే ఎవరిది, నష్టం వస్తే ఎవరిది అన్న పంక్తి ఒప్పందంలో ఎక్కడున్నదో వెతికి, దాని కింద ఎర్రసిరాతో గీత గీయవలసినది సంతకానికి ముందే.

మూడవ కథ విశాఖ మన్యానిది. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్న సామెత దీనికోసమే పుట్టిందా అనిపిస్తుంది. 2007లో అరబ్బు ఎమిరేటు అయిన రాస్ అల్ ఖైమా ప్రభుత్వ సంస్థ భాగస్వామ్యంతో అల్యూమినియం కర్మాగారానికి ఒప్పందం కుదిరింది. మాకవరపాలెం దగ్గర కర్మాగారం కట్టారు. దానికి కావలసిన బాక్సైటు చింతపల్లి ఏజెన్సీ కొండలనుంచి ప్రభుత్వ గనుల సంస్థ తవ్వి ఇవ్వాలి. కాని ఆ కొండలు గిరిజనులవి. షెడ్యూల్డు ప్రాంతపు భూములను ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకు ఇవ్వరాదని సుప్రీంకోర్టు 1997లోనే సమతా కేసులో తీర్పు చెప్పి ఉన్నది. ప్రభుత్వ సంస్థే తవ్వితే ఆ తీర్పు అడ్డురాదని పాలకులు అనుకున్నారు. గిరిజనులు మాత్రం ఒప్పుకోలేదు. వారిని ముందు అడిగినవారు లేరు గదా! తవ్వకం సాగలేదు. కర్మాగారం లేచింది, ఖనిజం రాలేదు. సొమ్ము పెట్టినవారు మన దేశాన్ని అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి లాగారు. ఇక్కడ తప్పు సొమ్ము తెచ్చినవాడిదీ కాదు, కొండను కాపాడుకున్న గిరిజనుడిదీ కాదు. తన చేతిలో లేనిది ఇస్తానన్న మాటది. గ్రామసభ సమ్మతి కోసం ముందు రెండేళ్లు ఖర్చుపెట్టి ఉంటే, తరవాత పదేళ్లు ఖర్చయ్యేవి కావు.

తన చేతిలో ఏమున్నదో ప్రభుత్వానికైనా తెలుసా అన్నది మరో ప్రశ్న. 2017లో మన మియాపూర్‌లోనే, ప్రభుత్వం తనదని చెప్పుకునే వందల ఎకరాలు ప్రైవేటువారి పేర రిజిస్టరు అయిన సంగతి బయటపడి రాష్ట్రం అట్టుడికింది. ఒక సబ్ రిజిస్ట్రారును అరెస్టు చేశారు. బయటివాడితో బేరానికి కూర్చున్నప్పుడు మన వైపు నుంచి పెట్టే పెట్టుబడి ముఖ్యంగా నేలే. ఆ నేల ఎంతో, ఎక్కడుందో, ఎవరి పేర ఉందో చెప్పే ఇంటి లెక్కే సరిగా లేనప్పుడు, అతిథి తెచ్చిన సొమ్ముకు సరైన వాటా ఏ తూకంతో అడుగుతాం?

మాట తప్పడం కూడా ఒక దుష్పరిపాలనే. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గాలి, సౌర విద్యుత్తు కొనుగోలు ఒప్పందాల ధరలను తిరగదోడబూనింది. ఆ ధరలు హెచ్చుగా ఉన్నాయన్న అనుమానం న్యాయమైనదే కావచ్చు. కాని సంతకమైన తరవాత ఒక్కవైపునుంచి ధర తగ్గిస్తామంటే బయట ప్రపంచం ఏమనుకుంటుంది? జపాను రాయబారే ముఖ్యమంత్రికి ఉత్తరం రాశారు. 2022 మార్చిలో హైకోర్టు, ఒప్పందపు ధరలే చెల్లించాలన్నది. బేరం ఆడవలసిన చోట నోరు మూసుకుని, మాట నిలుపుకోవలసిన చోట బేరం ఆడితే రెంటికీ చెడ్డ రేవడి కావడం తప్పదు.

దీనికి ఎదురుగా పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా మోటార్ల కర్మాగారాన్ని చూడండి. 2017లో ఒక ముఖ్యమంత్రి కాలంలో ఒప్పందం జరిగింది, 2019 డిసెంబరులో మరొక ముఖ్యమంత్రి చేతుల మీదుగా ప్రారంభోత్సవం జరిగింది. ఇద్దరికీ రాజకీయంగా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. అయినా కార్ల వరస ఆగలేదు. కరువు సీమలో పని పుట్టింది. అతిథికి కావలసినది పెద్ద విందు కాదు, రేపు కూడా ఇదే ఇల్లు ఇక్కడే ఉంటుందన్న నమ్మకం.

పేదదేశం గట్టిగా బేరం ఆడలేదని కొందరంటారు. బోట్స్వానాను చూడమంటాను. 1966లో స్వతంత్రం వచ్చేనాటికి అది ఆఫ్రికాలోని నిరుపేద దేశాలలో ఒకటి. మరుసటి యేడే ఒరాపాలో వజ్రాలు దొరికాయి. తవ్వే శక్తి వారికి లేదు, డి బీర్స్ కంపెనీకి ఉన్నది. వారు కంపెనీని తరమనూ లేదు, కాళ్లమీద పడనూ లేదు. ముందుగా గనుల మీద హక్కు ఏ తెగదీ కాక దేశమంతటిదీ అయ్యేటట్టు చట్టం చేసుకున్నారు. మొదట చిన్న వాటాతో సరిపెట్టుకుని, గని నిజంగా ఎంత గొప్పదో తెలిసిన తరవాత, 1970ల నడుమ మళ్లీ కూర్చుని సగం వాటా సాధించారు. ఆ సొమ్మును రోడ్లకూ, బళ్లకూ, ఆసుపత్రులకూ పెట్టారు. ఈ మధ్య 2023లోనూ మరొకసారి కూర్చుని, వజ్రాలలో తామే అమ్ముకునే పాలు క్రమంగా సగానికి పెరిగేటట్టు అంగీకారం తెచ్చుకున్నారు. ఒక్క వజ్రాన్నే నమ్ముకున్నందుకు, ధర పడిపోయినప్పుడు ఇబ్బందీ పడుతున్నారు. ఆ పాఠమూ మనకు అక్కరకు వచ్చేదే. కాని ఒప్పందాన్ని మధ్యలో చింపకుండా, గడువుకు గడువు మళ్లీ కూర్చుని మెరుగుపరుచుకున్న తీరు మాత్రం నేర్చుకోదగినది.

ఇంతకీ మనం ఏం చేయాలి? మంత్రులకు పాఠాలు చెప్పేటంత వాణ్ణి కాను. పాఠకులకు అయిదు ప్రశ్నలు చెబుతాను. మీ ఊరికి, మీ జిల్లాకు ఏదైనా కంపెనీ వస్తున్నదని పత్రికలో పెద్ద అక్షరాలతో పడ్డప్పుడు ఇవి అడగండి. ఆ ఒప్పందం ప్రజలు చదవడానికి దొరుకుతుందా? మనం ఇచ్చే నేలకూ, నీటికీ, పన్ను రాయితీకీ రూపాయల్లో విలువ కట్టారా? నష్టం వస్తే ఎవరు భరిస్తారని రాశారు? ఇస్తామన్నది నిజంగా ప్రభుత్వానిదేనా, లేక మరొకరి పొలమూ, మరొకరి కొండనా? సంతకం తరవాత ఏటేటా లెక్క చూసి శాసనసభకు చెప్పేవారెవరు? అడిగే హక్కు మనకు లేకపోలేదు. అఘోరనాథుడికి లేనిది మనకు ఉన్నది. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. పది రూపాయల రుసుముతో ఒక అర్జీ రాయవచ్చు. వ్యాపార రహస్యమని కొంత దాచవచ్చు గాని, ప్రజాప్రయోజనం పెద్దదైనప్పుడు దానినీ బయటపెట్టమనే దారి ఆ చట్టంలోనే ఉన్నది. కంట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదికలు అచ్చులో దొరుకుతాయి. వాటిని చదివేవారు తక్కువ గనుక రాసినవారి శ్రమ వృథా అవుతున్నది.

ఈ ప్రశ్నలు అడిగితే పెట్టుబడిదారులు బెదిరిపోతారని ఒక వాదం ఉన్నది. నాకు నమ్మకం లేదు. నిజాయితీగా వ్యాపారం చేయదలచినవాడికి వెలుతురు వల్ల నష్టం లేదు. పైగా లాభం. అధికారి మారినా, ప్రభుత్వం మారినా, పదిమంది చదివిన కాగితాన్ని తిరగదోడడం కష్టం. చీకట్లో దొరికిన రాయితీ చీకట్లోనే పోతుందని అనుభవం ఉన్న వ్యాపారికి ఒకరు చెప్పనక్కరలేదు. ప్రశ్నలకు బెదిరి పారిపోయే పెట్టుబడి ఉంటే, పోనివ్వండి. అది మన ఇంటికి ఏ పని మీద వచ్చిందో పోతూ పోతూ తానే చెప్పిపోయినట్టు.

అతిథిని ఆదరించడం మన ఆచారం. ఆదరించమనే నేనూ అంటాను. మంచినీళ్లివ్వండి, పీట వేయండి, కడుపునిండా భోజనం పెట్టండి. అతిథి తెచ్చిన మూటకు రసీదు రాసి, ఇంటి బీరువా తాళంచెవి మాత్రం మొలకు దోపుకుని, రాత్రి పడుకునేముందు ఒక్కసారి లెక్క చూసుకోండి. ఇందులో అతిథికి అవమానమేమీ లేదు.